కణశక్తికి అమ్మే అనుబంధ పోషకాలు: పోల్చి చదివే పద్ధతి

పాఠం ఉద్దేశం

మెడికల్ దుకాణాల అద్దాల అరలలోను, ఇంటింటికీ తిరిగే విక్రేతల సంచులలోను, ఫోను తెరల మీదను ఇటీవల కొన్ని సీసాలు తరచుగా కనిపిస్తున్నాయి. వాటి మీద "కణశక్తి", "ఆరోగ్యకరమైన వార్ధక్యం", "యవ్వన రక్షణ" వంటి మాటలు పెద్ద అక్షరాలలో ఉంటాయి. అసలు విషయం మాత్రం వెనుకవైపు, చిన్న అక్షరాలలో, ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. షోలాపూర్‌లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో మరో భాష నడుస్తాయి. ఇన్ని భాషలు తెలిసినవారికి కూడా ఆ చిన్న అక్షరాలు అందకుండా పోతున్నాయి.

ఈ పాఠం చదివిన తరువాత పాఠకులు మూడు పనులు చేయగలగాలి. ఒకటి, కణశక్తి అంటే ఏమిటో తమ ఇంటివారికి వివరించగలగాలి. రెండు, అంగడిలో దొరికే ముఖ్యమైన అనుబంధ పోషకాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడగలగాలి. మూడు, సీసా మీది రాతను చదివి, అది ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో గుర్తించగలగాలి.

ఒక అనుభవం

ఈ విషయాన్ని పాఠంగా రాయడానికి ఒక కారణం ఉంది. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్లు పవర్‌లూమ్ మీద చాదర్లు నేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మేమందరం ఆయనను కాకా అని పిలుస్తాం. అనువాదం నా ఉద్యోగమని తెలిసి, ఒకనాటి సాయంత్రం ఒక సీసా పట్టుకుని వచ్చారు. "బిడ్డా, దీని మీద ఏం రాసిండ్లో జర సదివి చెప్పు. మూడు నెలల సంది మింగుతున్న. కాళ్ల తిమ్మిరి మాత్రం తగ్గుతలేదు" అన్నారు.

నేను చదివాను. ముందువైపు "కణాలకు నవశక్తి" అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. వెనుకవైపు "ఔషధ వినియోగానికి కాదు" అని అదే భాషలో ఉంది. కాకా తన పింఛనులో మూడోవంతు డబ్బు నెలనెలా దాని మీద పెడుతున్నారు. ఆయనకు పదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. మెట్‌ఫార్మిన్ గోలీలు వాడుతున్నారు. మరునాడు కొడుకుతో కలిసి దవాఖానకు వెళ్లారు. పరీక్ష చేస్తే రక్తంలో విటమిన్ బి12 బాగా తక్కువగా ఉన్నట్లు తేలింది. వైద్యుడు సూదిమందు మొదలుపెట్టారు. కొన్ని నెలలకు తిమ్మిరి కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. చక్కెర వ్యాధి వల్ల దెబ్బతిన్న నరాలు కొన్ని, బి12 లోటు వల్ల దెబ్బతిన్నవి కొన్ని అని వైద్యుడు చెప్పారట. "మూడు నెలల కింద వస్తే ఇంకింత బాగుండేది" అన్నారట.

సీసాలో విషం ఏమీ లేదు. అయినా కాకాకు నష్టం జరిగింది. అవసరమైన మందు స్థానాన్ని అవసరం లేనిది మూడు నెలలపాటు ఆక్రమించింది. ఈ పాఠంలో మనం జాగ్రత్తపడవలసిన మొదటి సంగతి ఇదే.

కణశక్తి అంటే ఏమిటి?

మన శరీరం తిన్న అన్నాన్ని, రొట్టెను నేరుగా వాడుకోలేదు. ఎర్రరక్త కణాలు మినహా దాదాపు ప్రతి కణంలోను మైటోకాండ్రియా అనే అతి సూక్ష్మ భాగాలు ఉంటాయి. అవి ఆహారంలోని శక్తిని, మనం పీల్చిన ప్రాణవాయువు సాయంతో, ఏటీపీ అనే పదార్థంగా మారుస్తాయి. గుండె కొట్టుకోవడానికి, కండరం బిగియడానికి, మెదడు ఆలోచించడానికి ఖర్చయ్యేది ఈ ఏటీపీయే.

మగ్గం తెలిసినవారికి దీన్ని వివరించడం సులభం. నాడెలో కండె ఉంటుంది. కండెకు చుట్టిన నూలు కొద్దిదే. అది అయిపోతే మరో కండె పెట్టాలి. రోజంతా నేసిన బట్టలో నూలు చాలా ఉన్నా, ఏ క్షణంలో చూసినా నాడెలో ఉండేది కొంచెమే. ఏటీపీ కూడా అంతే. ఒక రోజులో శరీరం తయారుచేసి ఖర్చుపెట్టే ఏటీపీని తూచగలిగితే అది దాదాపు మనిషి బరువంత ఉంటుందని అంచనా. నిల్వ మాత్రం చాలా స్వల్పం. ఎప్పటికప్పుడు కండె నిండుతూనే ఉండాలి.

ఈ విజ్ఞానంలో ఒక తెలుగువాని పాత్ర ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఫాస్ఫోక్రియాటిన్ అంటే మగ్గం పక్కన సిద్ధంగా పెట్టుకున్న అదనపు కండెల వంటిది. హఠాత్తుగా బరువెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు కండరం ముందుగా దానినే వాడుకుంటుంది. ఇవాళ సీసాలలో అమ్మే క్రియాటిన్ ఈ నిల్వను పెంచేందుకే.

వయసు పెరిగేకొద్దీ మైటోకాండ్రియా పనితీరు కొంత మందగిస్తుంది. కండరం సన్నబడుతుంది. ఇది నిజం. అయితే ఈ నిజం నుంచి "కాబట్టి ఈ గోలీ మింగితే వయసు వెనక్కి పోతుంది" అన్న మాట దానంతటదే రాదు. మగ్గం నెమ్మదించడానికి నూలు లేకపోవడం ఒక కారణం కావచ్చు. మోటారు అరిగి ఉండవచ్చు. కరెంటు చాలకపోవచ్చు. నూలు దండిగా ఉన్న మగ్గానికి ఇంకా కండెలు చుట్టి పెడితే వేగం పెరగదు.

పోల్చడానికి మూడు ప్రశ్నలు

ఏ సీసాను చూసినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఇందులో ఉన్న పదార్థం నా శరీరంలో నిజంగా లోటుగా ఉన్నదా? ఆ లోటును పరీక్షతో తేల్చారా?

రెండవది: దీనిని మనుషులకు ఇచ్చి చూశారా, ఎలుకలకు మాత్రమే ఇచ్చారా? మనుషులలో చూస్తే ఏమి కొలిచారు? రక్తంలో ఒక అంకె పెరగడం వేరు. మనిషి నడక, బలం, జబ్బు, ఆయుష్షు మెరుగుపడడం వేరు.

మూడవది: దీని వల్ల హాని ఏమిటి? నేను వాడుతున్న మందులతో దీనికి పొత్తు కుదురుతుందా? దీనికి పెట్టే డబ్బుతో ఇంతకంటే మేలైన పని చేయవచ్చునా?

ఈ ప్రశ్నల ఆధారంగా అంగడిలోని పోషకాలను నాలుగు వర్గాలుగా చూద్దాం.

మొదటి వర్గం: లోటు ఉంటే తప్పక పనిచేసేవి

విటమిన్ బి12. ఇది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో దాదాపు ఉండదు. కాబట్టి శాకాహారులలో, అందులోనూ పాలు తక్కువగా తీసుకునేవారిలో లోటు వచ్చే అవకాశం ఎక్కువ. వయసు పైబడినవారిలో చాలామంది జీర్ణవ్యవస్థ దీనిని ఆహారం నుంచి సరిగా గ్రహించలేదు. మెట్‌ఫార్మిన్‌ను, కడుపులో పులుపును తగ్గించే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి గోలీలను ఏళ్ల తరబడి వాడేవారిలో కూడా ఇది తగ్గుతుంది. అలసట, కాళ్లుచేతుల తిమ్మిరి, నడకలో తూలు, మరపు దీని లక్షణాలు. లోటు తేలితే గోలీలతోగాని సూదిమందుతోగాని తీర్చవచ్చు. ఆలస్యమైతే నరాలకు కలిగిన నష్టం నిలిచిపోతుంది. మరొక జాగ్రత్త ఉంది. బి12 లోటు ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఎక్కువగా వాడితే రక్తహీనత సర్దుకున్నట్లు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువును కణాలకు చేరవేసే హీమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. మైటోకాండ్రియా లోపలి పనికీ ఇనుము కావాలి. కాబట్టి రోజంతా బీడీలు చుట్టే అక్కలు, చెల్లెళ్లు "ఒంట్లో సత్తువ లేదు" అంటే ముందు చూడవలసింది హీమోగ్లోబిన్. పరీక్ష ఖర్చు చాలా తక్కువ. ఇనుము గోలీలు ప్రభుత్వ దవాఖానాలలో ఉచితంగా దొరుకుతాయి. వాటిని చాయ్‌తో వేసుకోరాదు, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం వంటి పులుపు దానికి తోడ్పడుతుంది. అయితే పరీక్ష లేకుండా ఏళ్ల తరబడి ఇనుము మింగడం మంచిది కాదు. పిల్లలు పొరపాటున ఎక్కువ గోలీలు మింగితే ప్రాణాపాయం. వారి చేతికి అందని చోట పెట్టాలి.

విటమిన్ డి. ఎముకకు, కండరానికి ఇది అవసరం. ఎండ తగలనివారిలో లోటు సాధారణం. లోటు ఉన్నవారికి ఇవ్వడం సరైనదే. లోటు చూసి ఎంచుకోనివారికి ఇస్తే లాభమా అని అమెరికాలో 25,871 మంది మధ్యవయస్కులు, వృద్ధులు పాల్గొన్న ప్రయోగంలో కొందరికి ఐదేళ్లకు పైగా రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చి చూశారు. క్యాన్సరు రావడం గాని, గుండెపోట్లు గాని, ఎముకలు విరగడం గాని తగ్గలేదు. మన దగ్గర 60,000 యూనిట్ల గోలీ లేదా పొడి ప్యాకెట్టు వారానికి ఒకటి చొప్పున రాస్తారు. ఆ "వారానికి" అన్న మాట చదవక రోజుకొకటి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, దాహం, మలబద్ధకం, మతిమరుపు, మూత్రపిండాల నష్టం కలుగుతాయి. వైద్యుని చీటీలో "రోజుకు", "వారానికి" అన్న మాటలను మీకు తెలిసిన భాషలో రాయించుకోండి. అలా అడగడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

రెండవ వర్గం: కొందరికి, కొంత ఉపయోగం చూపినవి

క్రియాటిన్. మన శరీరం దీనిని రోజుకు సుమారు ఒక గ్రాము తానే తయారుచేసుకుంటుంది. మాంసం, చేపల ద్వారా మరికొంత అందుతుంది. అందువల్ల శాకాహారుల కండరాలలో దీని నిల్వ కొంత తక్కువ. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటూ, బరువులెత్తడం వంటి వ్యాయామం చేసిన పెద్దవయసువారిలో కండరబలం కొంత అదనంగా పెరిగినట్లు అనేక ప్రయోగాలు చూపాయి. ఇక్కడ "వ్యాయామం చేసిన" అన్న మాటే కీలకం. కూర్చుని మింగితే ఫలితం స్వల్పం. రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె దీని వల్ల కొంత పెరిగి, మూత్రపిండాల జబ్బు ఉన్నట్లు భ్రమ కలిగించవచ్చు. కాబట్టి పరీక్షకు వెళ్లినప్పుడు వైద్యునికి చెప్పాలి. మూత్రపిండాల జబ్బు నిజంగా ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు.

కోఎంజైమ్ క్యూ10. 1957లో ఫ్రెడరిక్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఎద్దు గుండె మైటోకాండ్రియాలో దీనిని కనుగొన్నారు. ఏటీపీ తయారీలో దీనికి అవసరమైన పాత్ర ఉంది. 2014లో వెలువడిన ఒక ప్రయోగంలో గుండె బలహీనపడిన 420 మంది పాల్గొన్నారు. వారి మందులతో పాటు రోజుకు 300 మిల్లీగ్రాముల క్యూ10ను రెండేళ్లు ఇచ్చారు. గుండెకు సంబంధించిన తీవ్ర ఘటనలు క్యూ10 తీసుకున్నవారిలో 15 శాతం మందికి, తీసుకోనివారిలో 26 శాతం మందికి కలిగాయి. ఇది గమనించదగిన ఫలితమే. అయితే వారందరూ రోగులు, వైద్యుని మందులు మానకుండా వాడుతున్నవారు. ఈ ఫలితాన్ని ఆరోగ్యవంతునికి అన్వయించరాదు. 2014లోనే వెలువడిన మరొక ప్రయోగంలో పార్కిన్సన్ వ్యాధి ఉన్న 600 మంది పాల్గొనగా, వారిలో కొందరికి ఇంకా ఎక్కువ మోతాదు ఇచ్చారు. ఏ లాభమూ కనిపించక దానిని మధ్యలోనే ఆపివేశారు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ గోలీలు వాడేవారిలో క్యూ10 తగ్గుతుంది. దానిని తిరిగి ఇస్తే కండరాల నొప్పి తగ్గుతుందా అన్న విషయంలో ప్రయోగాలు ఏకమాట చెప్పలేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో ఇది మందు బలాన్ని తగ్గించవచ్చు.

మూడవ వర్గం: మాట పెద్దది, ఆధారం చిన్నది

ఎన్‌ఎంఎన్, ఎన్‌ఆర్. ఇవాళ అత్యధిక ధర పలుకుతున్నవి ఇవే. కణంలో ఎన్‌ఏడీ అనే పదార్థం ఉంది. ఆహారం నుంచి శక్తిని మైటోకాండ్రియాకు మోసే పని దానిది. 1906లో ఇంగ్లండులో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ పులిసే పదార్థాలను పరిశీలిస్తూ దీని ఉనికిని గుర్తించారు. వయసుతో ఇది కొన్ని కణజాలాలలో తగ్గుతుందని, ఎన్‌ఎంఎన్ లేదా ఎన్‌ఆర్ మింగితే పెరుగుతుందని చెబుతారు. రక్తంలో ఎన్‌ఏడీ పెరగడం మనుషులలో కూడా కనిపించింది. కాని మన రెండవ ప్రశ్నను గుర్తు చేసుకుందాం: అంకె పెరిగింది, మనిషికి ఏమైంది? 2021లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో, చక్కెర వ్యాధి అంచున ఉన్న 25 మంది స్త్రీలలో కొందరికి పది వారాలు ఎన్‌ఎంఎన్ ఇచ్చారు. కండరం ఇన్సులిన్‌కు స్పందించడం మెరుగైంది. బరువు గాని, రక్తపోటు గాని తగ్గలేదు. ఇటువంటి ప్రయోగాలు చిన్నవి, కొద్దికాలంవి. వీటి వల్ల మనిషి ఆయుష్షు పెరుగుతుందని చూపిన ప్రయోగం ఒక్కటీ లేదు.

ఎన్‌ఏడీ తయారీకి మూలసరుకు విటమిన్ బి3, అంటే నియాసిన్. ఇది తీవ్రంగా లోపిస్తే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు, మతిభ్రమ కలుగుతాయి. ఒకప్పుడు దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరో ఆహారం దొరకని నిరుపేదలలో ఈ జబ్బు కనిపించేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థగా తరువాత పేరుపొందిన ప్రయోగశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దీనిని పరిశోధించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండడం కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తరువాత చాలా చర్చ జరిగింది. మన ఇళ్లలో జొన్నరొట్టె ఒంటరిగా ఉండదు. పక్కన పప్పు ఉంటుంది, పెరుగు ఉంటుంది, షోలాపూర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే శేంగా చట్నీ ఉంటుంది. వంద గ్రాముల పల్లీలలో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంది. పెద్దలకు రోజుకు కావలసింది 15 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఎన్‌ఏడీకి కావలసిన మూలసరుకు మన కంచంలోనే ఉన్నది.

రెస్వెరాట్రాల్. నల్లద్రాక్ష తొక్కలో ఉండే పదార్థం. ఈస్ట్‌లోను, కొన్ని జంతువులలోను కనిపించిన ఫలితాల ఆధారంగా దీనికి గొప్ప పేరు వచ్చింది. 2008లో ఒక పెద్ద మందుల సంస్థ ఈ తరహా మందులు తయారుచేసే చిన్న సంస్థను 72 కోట్ల డాలర్లకు కొన్నది. రెండేళ్లకు రెస్వెరాట్రాల్ మందు ప్రయోగాలను నిలిపివేసింది. మనం మింగినదానిలో రక్తానికి చేరేది చాలా తక్కువ. మామూలు ఆహారం తినే ఎలుకలకు జాగ్రత్తగా ఇచ్చి చూసిన ప్రయోగాలలో ఆయుష్షు పెరగలేదు.

నాలుగవ వర్గం: అధిక మోతాదులో కీడు చేసినవి

ప్రాణవాయువు వాడకంలో పుట్టే చురుకైన అణువులు కణాలను దెబ్బతీసి ముసలితనం తెస్తాయని 1956లో డెన్‌హాం హార్మన్ అనే శాస్త్రవేత్త సిద్ధాంతం చెప్పారు. వాటిని అణచే పదార్థాలను, అంటే యాంటీ ఆక్సిడెంట్లను, మింగితే మేలు జరగాలని అందరూ ఆశించారు. ప్రయోగాలు వేరే మాట చెప్పాయి. ఫిన్లండులో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ గోలీలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతం ఎక్కువగా వచ్చింది. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న పురుషులలో ప్రోస్టేట్ క్యాన్సరు 17 శాతం పెరిగినట్లు 2011లో మరో పెద్ద ప్రయోగం తేల్చింది. బీడీ, సిగరెట్టు తాగేవారు బీటా కెరోటిన్ ఉన్న సీసాల జోలికి పోరాదు. క్యారెట్టు, గుమ్మడి, పాలకూర తినడానికి భయం అక్కరలేదు. కీడు చేసినది గోలీలోని అధిక మోతాదు.

మూలికలు కాబట్టి హాని లేదన్న మాటను కూడా పరీక్షించాలి. అశ్వగంధ, పసుపు సారం గోలీలు వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, గాఢమైన సారం వేరు.

సీసా మీది రాతను చదవడం

ఈ సీసాలు చట్టం దృష్టిలో మందులు కావు, ఆహార పదార్థాలు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ వీటిని నియంత్రిస్తుంది. మందును అమ్మే ముందు అది రోగాన్ని తగ్గిస్తుందని నిరూపించాలి. ఆహారపదార్థానికి అటువంటి నిరూపణ అవసరం లేదు. అందుకే సీసా మీద కింది విషయాలు వెతకండి.

1. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య. ఇది తయారీదారు నమోదైనట్లు చెబుతుంది. సీసాలోని సరుకు పనిచేస్తుందని చెప్పదు.

2. "ఔషధ వినియోగానికి కాదు" అన్న అర్థమిచ్చే హెచ్చరిక. ఇంగ్లీషులో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంటుంది.

3. ఒక్కొక్క పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నదో చెప్పే పట్టిక. "ప్రత్యేక మిశ్రమం" అని ఒకే మొత్తం ఇచ్చి, విడివిడి పరిమాణాలు దాచిన సీసాను పక్కన పెట్టండి.

4. రోజుకు మించరాని మోతాదు, గడువు తేదీ, ఆకుపచ్చ చుక్క లేదా మాంసాహార గుర్తు.

5. అన్నిటికంటే ముఖ్యంగా క్రియాపదం. అనువాదకునిగా నేను మొదట చూసేది దానినే. "తోడ్పడుతుంది", "సహకరిస్తుంది" అన్న మాటలకు "నయం చేస్తుంది" అన్న అర్థం లేదు. రాసినవారికి ఆ తేడా తెలుసు. చదివేవారికి కూడా తెలియాలి. ఆహారపదార్థం రోగాన్ని నయం చేస్తుందని ప్రకటించడం చట్టవిరుద్ధం. చక్కెర వ్యాధి, క్యాన్సరు వంటి వాటిని నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం నిషేధిస్తుంది.

ఇంటికి వచ్చి అమ్మేవారు నోటితో ఒకటి చెప్పి, సీసా మీద మరొకటి చూపుతారు. నోటిమాటకు రుజువు ఉండదు. "మీరన్నది ఈ సీసా మీద ఎక్కడ ఉన్నదో చూపండి" అని అడగండి. రసీదు తీసుకోండి. ఫిర్యాదు ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉచిత ఫోను 1800112100, జాతీయ వినియోగదారుల సహాయ ఫోను 1915 ఉన్నాయి. మహారాష్ట్రలో ఆహార, ఔషధ తనిఖీ రాష్ట్ర ప్రభుత్వపు ఆహార, ఔషధ పరిపాలన విభాగం పని. మహానగరపాలిక దవాఖానాలు పరీక్షకు, సలహాకు ఉన్నాయి. ఏ గుమ్మం ఏ పనికో తెలిస్తే తిరుగుడు తగ్గుతుంది.

సీసా లేని మార్గం

మైటోకాండ్రియా సంఖ్యను పెంచే మార్గం ఒకటి చాలాకాలంగా తెలుసు. 1967లో జాన్ హాలొజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను క్రమం తప్పక పరుగెత్తించి, వాటి కండరాలలో మైటోకాండ్రియా శక్తి పెరిగినట్లు చూపారు. తరువాత మనుషులలోను అదే తేలింది. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, 65 దాటినవారికి తూలకుండా నిలిచే అభ్యాసం మూడు రోజులు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే. పొగాకు మానడం, రక్తపోటును, చక్కెరను అదుపులో ఉంచడం, తగినంత నిద్ర, ప్రతి పూటా పప్పో గుడ్డో పెరుగో ఉండేటట్లు చూడడం ఏ సీసా కంటే మేలు చేస్తాయి.

ఎడతెగని అలసటను వయసు మీదికి తోసివేయవద్దు. రక్తహీనత, థైరాయిడ్, చక్కెర వ్యాధి, క్షయ, నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు – వీటిలో ఏదైనా దాని వెనుక ఉండవచ్చు. అన్నిటికీ చికిత్స ఉంది.

సారాంశం

లోటు తేలినప్పుడు బి12, ఇనుము, విటమిన్ డి చౌకగా, నమ్మకంగా పనిచేస్తాయి. వ్యాయామంతో కలిస్తే క్రియాటిన్, గుండె బలహీనత ఉన్నవారికి వైద్యుని సలహాతో క్యూ10 కొంత తోడ్పడవచ్చు. ఎన్‌ఎంఎన్, ఎన్‌ఆర్, రెస్వెరాట్రాల్ ధరకు తగిన ఆధారం ఇంకా చూపలేదు. అధిక మోతాదు బీటా కెరోటిన్, విటమిన్ ఇ కొందరికి కీడు చేశాయి. ధర పెరిగేకొద్దీ ఆధారం పెరగడం లేదన్నది ఈ పోలికలో తేలిన సంగతి.

అభ్యాసం

1. మీ ఇంట్లో ఉన్న ఒక సీసాను తీసుకుని, దాని మీది క్రియాపదాలను మాత్రమే ఒక కాగితం మీద రాయండి. వాటిలో "నయం" అన్న అర్థం ఉన్నవి ఎన్ని?

2. ఇంట్లో మెట్‌ఫార్మిన్ గాని, కడుపు మంటకు రోజూ గోలీ గాని వాడే పెద్దవారు ఉన్నారా? వారికి బి12 పరీక్ష ఎప్పుడు జరిగింది?

3. "రక్తంలో ఎన్‌ఏడీ పెరిగింది కాబట్టి ఆయుష్షు పెరుగుతుంది" అన్న వాదంలో లోపం ఏమిటి? మగ్గం ఉపమానంతో వివరించండి.

4. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు మింగుతున్న ప్రతి గోలీని, పొడిని, మూలికను ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. కాకా ఇప్పుడు అలాగే చేస్తున్నారు. ఆ సంచిలో పాత సీసా కూడా ఉంది. అది ఖాళీ. అందులో ఆయన పల్లీలు పోసుకున్నారు.